నాయనకు చేసిన కాగితం గరుడపక్షి

నాయన అన్నం ముట్టక నాలుగు పూటలైంది. పాలు పట్టబోతే పెదవులు బిగించేవాడు. "గరుత్మంతుణ్ణి సూడకుండా ఎట్లా తినేదమ్మణ్ణీ?" అన్న మాట ఒక్కటే ముద్దముద్దగా వచ్చేది.

తిరుపతిలో గుడి గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ పొద్దున్నే మిద్దెక్కేవాడు. తెల్ల రొమ్ము, ఇటుకరంగు రెక్కల ఆ పక్షి కనబడితే లెంపలు వేసుకుని దిగొచ్చి తినేవాడు. ముసురు పట్టిన రోజు పస్తే. పక్షవాతంతో ఎడమపక్క పడిపోయాక మంచంలోంచి కనబడేవి కిటికీ, ఎదురింటివాళ్లు కొత్తగా లేపిన గోడ. "తిండి లోపలికి పోకుంటే నా మందులేం జేస్తాయమ్మా?" అని డాక్టరు విసుక్కున్నాడు. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. గోడ మీద, డాక్టరు మీద, అందరికంటే ఎక్కువ నాయన మీద.

ఆ కోపంలోనే మా వీధిలో కేలండర్లు అచ్చువేసే ప్రెస్సుకు పోయాను. రంగు సరిచూసుకోవడానికి మిషన్లో తిప్పి పారేసిన షీట్లు, ఒక్క ఇటుకరంగే పడినవి, ఒక కట్ట ఇచ్చారు. వెదురుపుల్లలతో పక్షి చట్రం కట్టి, ఒక్కో ఈకా కత్తిరించి, నడుమ మడతపెట్టి, అంచులు సన్నగా చీల్చాను. తోక నుంచి మెడ దాకా, పై వరస కింది వరస బంకను కప్పేటట్టు అంటించాను. షీట్ల వెనకవైపు తెలుపు తలకూ రొమ్ముకూ సరిపోయింది. పెళ్లిపత్రిక అట్టతో ముక్కు చేశాను. చివరికి, పోయిన మా అమ్మ నల్లపూసల్లోంచి రెండు తీసి కళ్లు పెట్టాను. కిటికీలో దారంతో వేలాడదీస్తే గాలికి రెక్కలు కదిలాయి. నాకే ఒళ్లు జలదరించింది.

నాయన కళ్లు తెరిచి చూశాడు. ఆడే చేత్తో ఒక లెంప వేసుకున్నాడు. కాగితమని వెంటనే పోల్చుకున్నాడు.

"కండ్లు ఎవురు పెట్టినారు?"

"నేనే నాయనా."

"కండ్లు పెట్టినాక ఆయనకు ఆకలేస్తాది. ఆరగింపు చేసినావా?"

మా ఇళ్లలో విగ్రహానికి కళ్లు ఆఖర్న పెడతారు. అప్పటి నుంచి అది బొమ్మ కాదు. మడితో వండిన ప్రసాదం సిద్ధం చేసుకున్నాకే ఆ పని చేస్తారు. ఇదంతా తెలిసిన ఇంట పుట్టి, పక్షి నిజంలా కనబడాలన్న ధ్యాసలో మరిచిపోయాను. అంతకంటే ఘోరం, ఆ రోజు నేను ఇంట్లో చేరకూడని మూడు రోజుల్లో రెండోది. అమ్మ పోయినప్పటి నుంచి ఆ మూడు రోజులూ నాయనే వండేవాడు. ఇప్పుడెవరు వండుతారు? చెప్పకుండా నేనే వండుతున్నాను.

నిజం చెబితే ఆయన తినడు. తినకపోతే బతకడు.

స్నానం చేసి, తడిచీరతో పెరుగన్నం కలిపి, కిటికీ ముందు పెట్టి గంట వాయించాను.

"మడితోనే కదమ్మా?"

"మడితోనే నాయనా."

ప్రసాదం కాదనకూడదు. ఐదు ముద్దలు మింగాడు. సాయంత్రం ఇంకో నాలుగు ముద్దలు. మరునాడూ అలాగే అడిగాడు, అలాగే చెప్పాను, తిన్నాడు.

నాలుగో రోజు తలకు పోసుకున్నాను. ఆ రోజు అబద్ధం అక్కర్లేకుండా మడి కట్టుకుని వండి, ఆరగింపు చేసి తెచ్చాను. నాయన అడగలేదు. నోట పెట్టిన ముద్ద పెదవుల పక్కనుంచి జారిపోయింది. రెండోదీ అంతే. ఆ సాయంత్రం పోయాడు.

బొమ్మను నీళ్లలో కలిపేయమన్నారు బంధువులు. నేను కలపలేదు. ఈకలు వెలిసిపోయాయి, కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. కళ్లు పెట్టినదాన్ని నేను, ఆకలితో ఉంచలేను. ఆనాటి నుంచి రోజూ దాని ముందు ఇంత పెరుగన్నం పెట్టే తిన్నాను. నాయన చివరిసారి కడుపులోకి తీసుకున్నది నా మైల చేతి అన్నమే. అందుకే నెలలో ఆ మూడు రోజులు కూడా ఆరగింపు మానలేదు.