ముందెక్కిన కారు

ఆ దీవిలో కార్లు అద్దెకిచ్చేది ఒక్కడే. ఊరంతా ఆయన్ని రివర్స్ బాబాయి అంటారు. తాళంచెవి అడిగితే చాలు, రేవు పక్కన ఖాళీ జాగాలోకి తీసుకెళ్ళి, రెండు నూనె పీపాల మధ్య నుంచి కారును మూడుసార్లు వెనక్కి తెమ్మంటాడు. పీపాకు తగిలిందా, మళ్ళీ మొదటికే. సముద్రంలో మునగాలని ఉవ్విళ్ళూరుతూ వచ్చినవాళ్ళకు ఆ ఎండలో ఒళ్ళు మండిపోయేది.

"లైసెన్స్ ఇచ్చినవాళ్ళు కూడా ఇంత పరీక్ష పెట్టలేదండీ!" అని ఒకావిడ విసుక్కుంది.

"వాళ్ళు మా ఫెర్రీ ఎక్కలేదుగా తల్లీ" అన్నాడు బాబాయి.

చాదస్తమే, కానీ ఊరికే వచ్చింది కాదు. ఆ ఫెర్రీకి దారి ఒక్కటే. కార్లు ముందుకు ఎక్కి, అవతలి ఒడ్డున వెనక్కి దిగాలి. ముందెక్కింది అన్నిటికన్నా లోపల ఇరుక్కుని ఆఖర్న దిగుతుంది. దీవిలో పసిపిల్లనడిగినా ఈ సంగతి చెబుతుంది. తీరా అవసరం పడ్డ రోజున పెద్దవాళ్ళలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం బాబాయి కూతురికి నెల ముందే నొప్పులొచ్చాయి. దీవిలో ఉన్న ఒకే ఒక్క నర్సమ్మ చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది బాబాయ్. ఆపరేషన్ తప్పదు. గంటన్నరలో అవతలి ఆస్పత్రిలో ఉండాలి" అంది. బాబాయి కారు తీశాడు. కూతుర్ని వెనక సీట్లో పడుకోబెట్టి రేవుకు తోలాడు.

కారు కనబడగానే వరసంతా పక్కకు జరిగింది. "ముందు మీరు పదండి బాబాయ్!" అని ఫెర్రీ నడిపే సరంగు కేకేశాడు. బాబాయి కళ్ళనీళ్ళతో దండం పెట్టి అందరికన్నా ముందెక్కాడు. వెనకాల పదకొండు కార్లెక్కాయి, అన్నీ బాబాయి అద్దెకిచ్చినవే. ఫెర్రీ కదిలాక అద్దంలోకి చూస్తే ఆ పదకొండూ దారి మూసేసి ఉన్నాయి. మర్యాదే కొంప ముంచింది.

పోనీ, కూతుర్ని చివరి కారులోకి మారుద్దామంటే ఆ ఇరుకులో తలుపు జానెడే తెరుచుకుంది. సరంగు వచ్చి కిటికీ దగ్గర తలపట్టుకున్నాడు.

"నా బుద్ధి గడ్డి తిన్నది బాబాయ్. ఇవన్నీ దిగేసరికి ఎంత లేదన్నా ముప్పావుగంట."

"నాన్నా, ఏమైంది?" అంది కూతురు మూలుగుతూ.

"ఏం లేదమ్మా, వచ్చేశాం" అని అబద్ధమాడాడు బాబాయి.

సరంగు మైకు అందుకున్నాడు. "అయ్యా, అమ్మా! లోపల కాన్పు కేసుంది. తప్పు నాది. మీరే గట్టెక్కించాలి."

ఒడ్డు తగిలింది. మొదటి కారు వెనక్కి కదిలింది. వంకరపోలేదు, ఆగలేదు, చక్కగా దిగింది. దాని వెంటే రెండోది. నాలుగో కారులో ఉన్నది, లైసెన్స్ మాటెత్తి విసుక్కుని, అడిగిన మూడుసార్లకు ఏడుసార్లు పీపాను గుద్దిన ఆవిడే. పెదవి కొరుక్కుంటోంది, అయినా కారు ఒక్క ఊపున దిగిపోయింది. బాబాయి అద్దంలోంచి చూస్తూ ఒక్కొక్కరికీ దండం పెడుతూనే ఉన్నాడు. పదకొండు కార్లూ పది నిమిషాల్లో దిగాయి.

సాయంత్రానికి తల్లీ పిల్లా క్షేమం. "ఇంకో అరగంట ఆలస్యమైతే నేను చేసేదేమీ ఉండేది కాదు" అంది డాక్టరమ్మ.

మూడో రోజున బాబాయి ఆ పదకొండు కార్ల అద్దె కాగితాలు ముందేసుకుని, వాటి మీదున్న ఫోను నంబర్లు వరసగా కలపడం మొదలుపెట్టాడు. కృతజ్ఞతలు చెప్పాలని రాత్రంతా మాటలు కూర్చుకున్నాడు. తీరా అవతల "హలో" వినబడగానే కూర్చుకున్నవన్నీ మరిచిపోయాడు.

"హలో, ఎవరండీ? వినబడుతోందా?"

ఏం చెయ్యాలో తోచక ఫోను మనవరాలి నోటి దగ్గర పెట్టాడు. అది కెవ్వుమంది. అవతలున్నది ఆ నాలుగో కారు ఆవిడే. ఆవిడ ఇల్లదిరేలా అరిచింది.

"ఏమండోయ్, పుట్టేసిందండీ! మన ఫెర్రీ పాప!"

మిగతా పది ఫోన్లూ బాబాయి అలాగే చేశాడు.