అమ్మ చేసిన చంపీ

మొన్న హనుమకొండలో పార్లర్‌కు వెళ్లినప్పుడు, తోడు వచ్చిన మనవరాలు ఫోన్‌లో చదివి, షాంపూ అన్న మాట మన దగ్గరి నుంచే ఇంగ్లిషులోకి వెళ్లిందనీ, హిందీలో 'చాంపో' అంటే నొక్కమని అర్థమనీ, మొదట్లో ఇంగ్లిషువాళ్లూ ఒళ్లు పట్టడాన్నే అలా అనేవారనీ, తల రుద్దుకోవడం తర్వాత వచ్చి చేరిందనీ చెప్పింది. పత్రికలో ఇన్నేళ్లు ఇంగ్లిషు వార్తలు తెలుగు చేసిన నాకు ఆ సంగతి తెలియకపోవడం కన్నా, నొక్కడం అన్న మాట వినగానే చిన్ననాటి అసూయ ఒకటి లేచి కూర్చోవడమే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది.

వరంగల్‌లో మా ఇంటి ముందు గదిలోనే ఎండుమిరప దుకాణం ఉండేది. మేము ఖాలా అని పిలిచే పక్కింటామె శుక్రవారం పొద్దున తన కూతురిని గడపలో కూర్చోబెట్టి, గోరువెచ్చని నూనెతో తలంతా నొక్కుతూ చంపీ చేసేది. నా ఈడుదే అయిన ఆ పిల్ల హాయిగా కళ్లు మూసుకుంటే, రెండిళ్ల మధ్య పిట్టగోడకు గడ్డం ఆనించి నేను ఉడికిపోయేదాన్ని. మా అమ్మ దువ్వెన నా చేతికిచ్చి దుకాణంలోకి వెళ్లిపోయేది. నేనంటే ఇష్టం లేదనే అనుకున్నాను.

ఒకనాడు ఖాలా నన్ను చూసి, "ఏంది బిడ్డా, ఎప్పుడూ గోడమీదికెళ్లే చూస్తవా? జర ఇటు రా, నీకు సుత నూనె పెడ్త" అంది.

"దానికి అమ్మ లేదా, అమ్మీ?" అని కూతురు మూతి ముడుచుకుంది.

నిగనిగలాడే తలతో నేను ఇంటికొస్తే, ఉడకడం అమ్మ వంతయింది. "నాకు చేతులు లేవా? పక్కింటామె పెట్టాల్నా నీ తలకు నూనె?" అంటూ దుకాణం తలుపులు దగ్గరికి వేసి, సబ్బుతో చేతులు మళ్లీ మళ్లీ కడుక్కుని, నన్ను ముందు కూర్చోబెట్టుకుంది.

ఆ వేళ్లు తలలో దిగిన కాసేపటికే మాడు మండింది, నూనె కళ్లలోకి కారి గోలపెట్టాను. పొద్దంతా మిరపకాయల తొడిమలు తీసే చేతులవి. ఆ ఘాటు సబ్బుకు పోయేది కాదు. "అందుకే ముట్టనే బిడ్డా నీ తల" అని అమ్మా ఏడ్చింది. మజ్జిగ తెచ్చి నా తలకు పట్టించింది ఖాలాయే.

తర్వాతి శుక్రవారాల్లో అమ్మే నన్ను అటు పంపి, నేను గడ్డం ఆనించిన చోటే తను గడ్డం ఆనించి చూస్తుండేది.

పార్లర్ అమ్మాయి వేళ్లు చల్లగా ఉన్నాయి, ఏ మంటా లేకుండా తల శుభ్రపడింది. చాంపో అన్న మాట దేశాలు తిరిగి షాంపూ అయి వచ్చేసరికి నొక్కడం పోయి కడగడం మిగిలింది. ఇప్పుడు పక్కింటి గడప కనిపించేంత పొట్టి గోడలు లేవు, గోడ ఇవతల నిలబడి నా తల మీది వేరొకరి చేతులను చూసి ఉడుక్కునే అమ్మా లేదు.