నేను మిలట్రీకి పంపిన బిడ్డ

గోదావరిఖనిలో మా క్వార్టర్లలో అబద్ధాన్ని అతికినట్టు చెప్పేదెవరంటే చిన్నపిల్లలు కూడా నన్నే చూపిస్తారు. పదేళ్ళ కిందట, నాతో బొగ్గుబాయిలో ఒకే షిఫ్టు చేసే రాజన్న నన్నొక కథ అడిగాడు. అతని కొడుకు శ్రవణ్ ఆడపిల్లగా, శ్రావణిగా బతుకుతానని ఇల్లు విడిచిన మర్నాడది. "నలుగురికి తెలిస్తే తలెట్ల ఎత్తుకోవాలె తమ్మీ" అన్నాడు.

శ్రవణ్‌ను మిలట్రీలో చేర్చేశాను. మంచుకొండల మీద డ్యూటీ అని, అక్కడ చాయ్ గ్లాసులోనే గడ్డకడుతుందని చెప్పాను. కాలనీ అంతా నమ్మింది. తర్వాత రాజన్న "బిడ్డను ఇంటికి పిలవాలనుంది" అన్నప్పుడల్లా, "మంచు కరగనియ్యే" అని నవ్వించేవాణ్ణి.

మొన్న రాజన్న గుండె ఆగి చనిపోయాడు. నా కబురందుకొని శ్రావణి వచ్చి, చీరలో, అందరికన్నా వెనక నిలబడింది. జనమేమో సిపాయి కొడుకు రావాలని శవాన్ని ఆపారు.

ఉండబట్టలేక, "సిపాయి లేడు. రాజన్న బిడ్డ ఈమెనే" అన్నాను.

"సావుకాడ గూడ కథలేనా కాకా?" అన్నాడొకతను.

అప్పుడు శ్రావణి "బాపూ" అంటూ తండ్రి కాళ్ళ మీద పడింది. పక్కింటి పోశవ్వ ఆమె గదవ పట్టి చూసి గుర్తుపట్టింది.

"మా మనుమరాలి కాలేజీల గూడ ఉన్నరు బిడ్డా గిట్లాంటోళ్ళు. మేమేమన్న అంటుంటిమా? ఎందుకు దాసిన్రు?"

నిప్పుకుండ పట్టుకొని శ్రావణే ముందు నడిచింది. ఎవరూ అడ్డురాలేదు.

జనం ఏమంటారో నేనే ఊహించుకున్నాను గానీ, ఇన్నేళ్ళలో ఒక్కరినీ అడగలేదు. అడిగి ఉంటే ఆ బిడ్డ, తండ్రి బతికుండగానే గడప తొక్కేది. నా కథల్లో అందరూ నమ్మింది ఆ మిలట్రీ కథొక్కటే.