ప్లైవుడ్ అవతల పెద్దక్షరాలు

ఆ రోజుల్లో వేలూరు కుర్రోళ్ళకు బ్రౌజింగ్ సెంటరంటే రెండో కాపురం. పగలంతా సత్తువాచారిలో ఇళ్ళ ప్లాన్లు గీసేది, సాయంత్రమైతే నెట్లో తెలుగోళ్ళ చర్చా గుంపులో దొంగపేరుతో దూరి పెద్దరికం చేసేది, ఇదే నా పని. (అప్పటికి నాకు తెలుగు రాయను రాదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టేవాణ్ణి. నోటికి మాత్రం ఏ లోటూ లేదు.) ఆ పొద్దు మెట్లు ఇంటి లోపలా, బయటా అని రచ్చ. ఎవరో కొత్తాయన "మెట్లు బయటే ఉండాల" అని రాసినాడు, అన్నీ పెద్ద ఇంగ్లీషు అక్షరాలే, కేపిటల్సు. గుంపులో అట్లా రాస్తే అరిచినట్టు లెక్క. నాకు ఒళ్ళు మండింది. "ఏంరా, ఎందుకట్లా అరుస్తావు? మెట్ల సంగతి నీకేం తెలుసు?" అని కొట్టి, కాలుమీద కాలేసుకుని కూర్చున్నా.

ప్లైవుడ్ అవతల పక్క గదిలో కుర్చీ కిర్రుమనింది. "ఎవుడప్పా వీడు? నేను యాడ అరిస్తిని?"

ఆ గొంతు మా మేస్త్రీది! పనోళ్ళమంతా మామా అని పిలిచేది ఆయన్నే. గుడియాత్తంలో నాకు మొదటి ఇల్లు ఒప్పజెప్తానని మాటిచ్చింది కూడా ఆయనే. (ఆ సెంటర్లో గదికీ గదికీ మధ్య ప్లైవుడ్ అడ్డుగోడలు కొట్టింది ఆయన మనుషులే, అందుకే ఓనరు ఆయన్ని ఊరికే కూర్చోబెడతాడు.) మామ తల బయటపెట్టి నన్ను చూసినాడు.

"నువ్వుండావా నాయనా! మంచిదాయె. నేను చెప్తా, వీడికి జవాబు కొట్టు."

ఆయన గదిలోకి పోయి కూర్చుని, ఆయన చెప్పే తిట్లన్నీ నాకు నేనే కొట్టుకోవాల గదా అని వేళ్ళు ఆడించినా. ఆయన తిట్టలేదే! "నాయనా, నేను అరవలేదు. ప్లాన్లు చూసి అక్షరాలు నేర్చినోణ్ణి. ప్లాన్లో అన్నీ పెద్దవే, చిన్నవి నాకు రావు. నేను ఎదురుగా ఉంటే నువ్వు ఏంరా అనుండవు." (ఆ అక్షరాలు నేర్పింది నేనే. చిన్నవి ఎందుకులే అని వదిలేసింది కూడా నేనే.) సిగ్గుతో చచ్చిపోయినా. మెల్లగా నా గదికి జారుకుని, దొంగపేరుతోనే కొట్టినా: "తప్పయింది, మన్నించు మామా."

అవతల మామ కుర్చీ మళ్ళీ కిర్రుమనింది.

"నేను మామనని వీడికెట్లా తెలిసె?"

అంతలో ప్లైవుడ్ అదిరేట్టు గుద్ది, పకపకా నవ్వినాడు. "రేపు పొద్దున్నే గుడియాత్తం బస్సెక్కురా దొంగనాయాలా! ఇల్లు నీదే. మెట్లు మాత్రం బయటే పెడతావు."

పెట్టినా. ఇప్పటికీ బయటే ఉండాయి. మొన్న ఫోను గుంపులో ఎవరో పిల్లోడు "అంకుల్, ఎందుకరుస్తారు?" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, చిన్నక్షరాలు కంటికి ఆనక అన్నీ పెద్దవే కొట్టుండాను. మామ ఉండుంటే ప్లైవుడ్ పగిలుండేది.