బావ పేరు పలకని సర్పంచ్

పాడేరు దగ్గర ఒక గూడెంలో గ్రామసభ జరుగుతోంది. కొండవాలులో తాతల నాటి నుంచి చోళ్లు పండించుకుంటున్న ఒక రైతుకు ఆ భూమి మీద హక్కుందని సభ ఆ రోజు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆయన పట్టా సంగతి అక్కడితో ఆగిపోతుంది. చేతులెత్తించే ముందు సర్పంచ్ ఆ రైతు పేరు పైకి చెప్పాలి.

సర్పంచ్ ఆయన తమ్ముడి భార్య. మొగుడి అన్న పేరు పలకడం వాళ్లలో తప్పు. మైకు పట్టుకుని ఆవిడ ఆగిపోయింది.

"పేరు చెప్పండమ్మా, రాసుకోవాలి" అన్నాడు పంచాయతీ కార్యదర్శి.

సభ చూడ్డానికి వెళ్లిన నాకు ఒళ్లు మండింది. చట్టం ఆడమనిషికి కుర్చీ ఇస్తే ఆచారం ఆమె నోరు కట్టేసిందని ఉపన్యాసం దంచడానికి లేవబోయాను. ఈలోగా ఆవిడ నడిచివెళ్లి, ముందు వరసలో కూర్చున్న బావ మూతి దగ్గర మైకు పెట్టింది.

"నీ పేరేటి బావా? బేగి సెప్పు."

"నా పేరు నీకు తెల్దేటమ్మా?" అన్నాడాయన కంగారుగా.

"నాకు తెలుసు బావా. సర్పంచికే తెల్దు."

సభ గొల్లుమంది. ఆయన సిగ్గుపడుతూ పేరు చెప్పాడు. నవ్వుతూనే అందరూ చేతులెత్తారు. సభ ఒప్పుకుందని కార్యదర్శి రాసుకున్నాడు.

అలాంటి ఆచారం పోవాలనే ఇప్పటికీ వాదిస్తాను. దాని మీద నేను ఎన్నో వేదికలెక్కి అరిచాను. దాన్ని అంత హాయిగా ఆటపట్టించి పని జరిపించుకున్న మనిషిని మాత్రం ఆ గూడెంలోనే చూశాను.