చష్మా సాబ్ చెప్పిన తెలుగు పాఠం

ఆ రోజుల్ల మా ఇబ్రహీంపట్నంల ఎవ్వల నోట విన్నా రెండే ముచ్చట్లు. ఏ ఊర్లె కాల్పులు జరిగినై, ఎవ్వలు పట్నం పారిపోయిన్రు. లోకమంత గట్ల తలకిందులైతుంటె, పంతొమ్మిదేండ్ల నేను మాత్రం బడిల ఉన్న పుస్తకాల బీరువ తాళం తీసి, దాని ముందట దర్జాగ కూసునేటోణ్ణి. ఎందుకంటె ఆ బడి కుతుబ్‌ఖానాకు, అంటె లైబ్రరీకి, నేనే అధికారిని. (కుతుబ్‌ఖానా అంటె ఆ ఒక్క బీరువనే.) పంతుళ్లు చాక్‌పీసు కావాల్నంటె తప్ప నన్ను పలకరించకపోదురు. పాఠం ఎట్ల చెప్పాల్నో పుస్తకాలోణ్ణి అడుగుడేంది అని వాళ్ల లెక్క.

పోలీస్ యాక్షన్ అయి నిజాం రాజ్యం పోయినంక కత మారింది. ఇగ ఉర్దూల కాదు, తెలుగుల చెప్పాలె అని హుకుం వచ్చింది గని, పుస్తకాలు రాలె. పైంగ కొత్త ఇన్‌స్పెక్టరు వస్తున్నడని కబురు. అందరికంటె ఎక్కువ వణికింది సైన్సు చెప్పే చష్మా సాబ్. పెద్దమనిషి, పింఛను దగ్గరవడ్డది. తెలుగు అంగట్ల బేరమాడేటంత వచ్చు, అంతే. తెలుగుల చెప్పలేనోళ్లను తీసేస్తరని పుకారు. "బేటా, ఈ వయసుల నన్ను ఇంటికి తోలకుండ జూడు" అన్నడు నా చెయ్యి పట్టుకొని.

బీరువంత గాలిస్తె తెలుగుల దొరికినయి రెండే: ఒకటి భజన కీర్తనలు, ఇంకోటి పశువుల రోగాల పుస్తకం. సైన్సు కాబట్టి రోగాలే ఖాయం చేసిన. గాలికుంటు పాఠం. పశువు నోట్ల, గిట్టలల్ల పుండ్లు లేసే రోగమది. మా పోరగాండ్లందరి ఇండ్లల్ల ఎడ్లున్నయి, జవాబులకు ఫికర్ లేదు. ఏ ప్రశ్న ముందు, ఏది వెనక, కట్టె ఎప్పుడు ఎత్తాలె, అన్ని నేనే కుదిర్చిన. చష్మా సాబ్ వారమంత "గాలిగంట, గాలిగంట" అని వల్లెవెట్టి, ఆఖరికి కుంటు దాక వచ్చిండు.

ఇన్‌స్పెక్టరు దిగిండు. ఆంధ్ర దిక్కు మనిషి. కొత్త బూట్లు కరిచినయేమో, కుంటుతున్నడు. నోటి నిండ పాన్, మూతి పక్కకెల్లి రసం కారుతున్నది. నేను ఎనక బెంచీల కూసున్న.

"గాలికుంటు వచ్చిన పశువును ఎట్ల గుర్తువట్టాలె?" అన్నడు చష్మా సాబ్, మస్తు ధైర్యంగ.

"నోట్లకెల్లి సొల్లు కారుతది సాబ్!" అన్నడు మంచాల ఊరి పోరడు. క్లాసంత ఇన్‌స్పెక్టరు మూతి దిక్కు జూసింది.

"కుంటుకుంట నడుస్తది!" అని ఇంకోడు. క్లాసంత ఆయన కాళ్ల దిక్కు జూసింది. నా పానం అక్కడికే పోయింది.

చష్మా సాబ్‌కు ఇదేం పట్టలె. నేర్సుకున్నది మరువక ముందె ఒప్పజెప్పాలె గద! కట్టె ఎత్తి (ఆ కట్టె పోయి పోయి ఇన్‌స్పెక్టరు దిక్కే లేసింది), "శాబాష్! గసోంటి దాన్ని మందలకెల్లి ఇడగొట్టి, ఒక్కదాన్నే కట్టెయ్యాలె!" అన్నడు.

ఇన్‌స్పెక్టరు రుమాలుతోటి మూతి తుడుసుకొని, "అయితే నన్నెక్కడ కట్టేస్తారు మాస్టారూ?" అన్నడు.

ఇది మేం నేర్సుకున్న ప్రశ్న కాదు. చష్మా సాబ్ నా దిక్కు జూసిండు. నేను పైకప్పు దిక్కు జూసిన. ఆయన అద్దాలు తీసి, తుడిసి, మల్ల పెట్టుకొని, మెల్లగ అన్నడు: "మా కుతుబ్‌ఖానాల కట్టేస్తం సాబ్. ఆడికి ఎవ్వలు రారు. రోగం ఎవ్వలకు అంటదు."

ఇన్‌స్పెక్టరు నవ్విన నవ్వుకు పాన్ పోయి కోటు మీద పడ్డది. "ఈయనకు తెలుగు రాదన్నదెవరయ్యా?" అని హెడ్మాస్టరును అడిగి, ఈ పాఠం ఎవరు కుదిర్చిన్రో తెలుసుకొని, "ఇక మీదట పాఠాలన్నీ ఆ బీరువా ముందు కూర్చునే తయారు చేసుకోండి" అని చెప్పి, బూట్లు చేతుల పట్టుకొని పోయిండు.

బడంత సంబురం జేసుకుంటుంటె, నేను మూతి ముడుసుకొని కూసున్న. నేను కాపాడిన మనిషి నా కుతుబ్‌ఖానాకు ఎవ్వలు రారంటడా? చష్మా సాబే దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యేసిండు. "నారాజ్ గాకు బేటా. జిందగీల నేను సొంతంగ అన్న మొదటి తెలుగు మాట అది. నేర్పింది నువ్వే గద, నీ మీదనే వాడిన."

నాకప్పుడు నవ్వు రాలె. తెల్లారి బడికి పోయేసరికి నా కంటె ముందె పంతుళ్లందరు బీరువ సుట్టు చేరి, ఏ పాఠం ఎవ్వలు చెప్పాల్నని లొల్లి పెట్టుకుంటున్నరు. నాకు నిలవడే జాగ గూడ లేదు. గప్పుడు గూడ ఆ పంతొమ్మిదేండ్ల పిచ్చోడు, అంటె అప్పటి నేనే, "జరగుండ్రి, ఇది నా కుతుబ్‌ఖానా" అని వాళ్ల మీద గుర్రుమన్నడు. ఇప్పుడు యాది జేసుకుంటె, వాని చెవి పట్టుకొని పక్కకు జరిపి, నేను గూడ ఆ లొల్లిల పోయి కూసోవాల్ననిపిస్తది.