చల్లారాక విప్పిన హీట్ సింక్

మా బమ్రోలి బస్తీలో మా అన్నకు గొప్ప పేరు. మగ్గాల కార్ఖానాలో మిస్త్రీ, ఏ మిషన్ మొరాయించినా ఆయనే దిక్కు. నా కంప్యూటర్ చచ్చింది ఆ చేతుల్లోనే.

దాని మీద నేను, మార్కెట్ వ్యాపారులు ఫోన్ చేసి అడిగే చీర అంచుల డిజైన్లు గీసేదాన్ని. అది లేకపోతే మళ్లీ వదిన పక్కన కూర్చుని చీరలకు రాళ్లు అతికించడమే నా బతుకు. ఎండాకాలం వేడికి అది ఊరికే ఆగిపోతుంటే, ప్రాసెసర్ మీద కూర్చునే ఆ రేకుల దిమ్మను, అదే హీట్ సింక్‌ను, విప్పి కింద వేడిని లాగే పేస్టు మార్చాలనుకున్నాను. నాకు కొత్తేమీ కాదు, నిరుడు నేనే మార్చాను. ముందు కాసేపు నడిపిస్తే పేస్టు మెత్తబడుతుంది. ఆపి, ప్లగ్గు పీకి, ఫ్యాను వైరు తీసి, ఎదురెదురు మూలల స్క్రూలను కొంచెం కొంచెంగా వదులు చేయాలి. దిమ్మను ఇటూ అటూ మెల్లగా తిప్పితే తనంతట తానే విడుతుంది. పాత పేస్టు తుడిచి, కొత్తది శనగగింజంత పెట్టి, మళ్లీ అదే తీరుగా బిగించాలి.

పొద్దున స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నానో లేదో, అన్న లాక్కున్నాడు. ఇంట్లో మిస్త్రీ ఉండగా ఆడపిల్ల మిషన్ విప్పితే ఆయనకు నామోషీ. ముందు వేడి చేయాలని చెప్పి చూశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

“వేడి మిషన్ల ఎవలన్న చెయ్యి పెడ్తరా? మగ్గమైనా గిదైనా సల్లారినంకనే ఇప్పాలె” అన్నాడు.

తను వచ్చేదాకా ముట్టొద్దని డ్యూటీకి పోయాడు. సాయంత్రం వచ్చి, స్క్రూలు తీసి, దిమ్మను నిటారుగా ఒక్క గుంజు గుంజాడు. గట్టిపడిన పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చింది. దాని అడుగున ఉండే సన్నటి పిన్నులు కొన్ని వంగాయి, కొన్ని విరిగాయి.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నాసిరకం మాల్ అని ఆయన చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. బాగు చేయిద్దామన్న మాట ఎవరి నోటా రాలేదు.

మర్నాడు రాళ్ల పళ్లెం ముందేసుకున్నాను. డ్యూటీకి పోతూ అన్న గుమ్మంలో ఆగాడు. తప్పయిందంటాడేమోనని పిచ్చిదానిలా తలెత్తాను.

“ఒకందుకు మంచిదే అయింది చెల్లె. ఇగ మార్కెట్ మొగోళ్ల ఫోన్లు ఇంటికి రావు.”

కావాలని చేయలేదని నాకు తెలుసు. అయినా ఆ మాటన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన నిశ్చింతను ఈ జన్మకు క్షమించను.